పరుగు ఒక్కటే సరిపోదు తమ్ముడూ!

పొద్దున ఐదింటికి ఇస్నాపూర్, రుద్రారం దగ్గర హైవే పక్కన నిలబడి చూడండి. లారీల పొగలోనే నలుగురైదుగురు కుర్రాళ్లు పరుగెడుతూ కనిపిస్తారు. ఆపి అడిగితే ఒకటే మాట: ‘అగ్నివీర్‌కు ప్రిపేర్ అవుతున్నం అన్నా!’ ఆ పట్టుదలకు సలాం కొట్టాల్సిందే. కానీ వాళ్లలో చాలామంది రోజూ చేసేది పరుగు ఒక్కటే. చిక్కంతా అక్కడే.

మా కాలనీలో ఒక తమ్ముడున్నాడు. 1.6 కిలోమీటర్లు ఐదున్నర నిమిషాల్లోపే కొట్టేస్తాడు. బీమ్ పట్టుకుంటే మాత్రం నాలుగో పుల్‌అప్‌కే చేతులు వణుకుతాయి. ‘రన్నింగ్‌లో మార్కులు వస్తయి కదా అన్నా’ అంటాడు. లెక్క చూద్దాం. ఆర్మీ ర్యాలీలో ఫిజికల్ టెస్టుకు 100 మార్కులు. ఐదున్నర నిమిషాల్లోపు పరుగు పూర్తిచేస్తే 60. పది పుల్‌అప్స్ తీస్తే 40. కనీసం ఆరు తీయకపోతే అసలు ముందుకే పోలేరు. 9 అడుగుల కందకం దూకడం, జిగ్‌జాగ్ బ్యాలెన్స్‌లకు మార్కులుండవు గానీ వాటిలోనూ పాస్ కావాల్సిందే. రాత పరీక్ష గట్టెక్కాకే ర్యాలీకి పిలుస్తారు. అంత కష్టపడి అక్కడిదాకా వెళ్లి బీమ్ కింద ఆగిపోతే ఎంత బాధ!

ఒక్క సైనికుణ్ణి ఇన్ని రకాలుగా ఎందుకు పరీక్షిస్తారు? జవాబు మన పక్కనే ఉంది. ఎద్దుమైలారం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో బీఎంపీ-2 ‘సారథ్’ యుద్ధవాహనాలు తయారవుతాయి. అందులో ముగ్గురు సిబ్బంది, వెనకాల ఏడుగురు సైనికులు. ఇరుకు చోట వంగి కూర్చోవాలి. తలుపు తెరుచుకోగానే ఆయుధంతో దూకి పరుగెత్తాలి. ఆ వాహనం మీద అమర్చే కొంకుర్స్ రకం క్షిపణులు మన భానూరు బీడీఎల్‌లో తయారవుతాయి. గొట్టంతో కలిపి ఒక్కోటి 20 కిలోలకు పైనే. దాన్ని ఎత్తాలంటే నడుము, భుజాలు, పట్టు గట్టిగా ఉండాలి. ఒక్క ఊపిరితిత్తులతో పని కాదు.

2020 జూన్ 15 రాత్రి గల్వాన్ గుర్తుందా? 4,000 మీటర్లకు పైన, గడ్డకట్టే చలిలో, తూటా పేలకుండా జరిగిన పోరు అది. మన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబుతో కలిపి 20 మంది అమరులయ్యారు. క్షిపణుల కాలంలోనూ చివరికి ముందు నిలబడేది మనిషి శరీరమే.

అమెరికా సైన్యం కూడా ఈ దారికే వచ్చింది. 1980 నుంచి పుషప్స్, సిటప్స్, రెండు మైళ్ల పరుగుతోనే సరిపెట్టింది. 2022లో దాని స్థానంలో బరువులెత్తడం, ఈడ్చుకెళ్లడం, ప్లాంక్ వంటివి కలిపిన కొత్త టెస్టు తెచ్చింది.

మరి ఏం చేయాలి? వారంలో మూడు రోజులు పరుగు చాలు. ఒకరోజు నెమ్మదిగా ఎక్కువ దూరం, ఒకరోజు చిన్న చిన్న స్పీడ్ రౌండ్లు, ఒకరోజు టైమ్ పెట్టుకుని 1.6 కిలోమీటర్లు. ఇంకో రెండు రోజులు పుల్‌అప్స్, గుంజీలు, పుషప్స్, ప్లాంక్. పుల్‌అప్ ఒక్కటీ రాకపోతే స్టూలెక్కి బీమ్ పట్టుకుని, మెల్లగా కిందికి దిగడంతో మొదలుపెట్టండి. మధ్యలో లాంగ్ జంప్, గీత మీద నడక. ఒకరోజు పూర్తి విశ్రాంతి. హైవే వదిలేసి స్కూల్ గ్రౌండ్‌కు పోండి. మట్టి నేల మోకాళ్లకు మంచిది, లారీల భయమూ ఉండదు. పిక్క ముందు ఎముక రోజూ నొప్పి పెడుతుంటే ఓర్చుకుని పరుగెత్తకండి, డాక్టర్‌కు చూపించండి. కోడిగుడ్లు, పల్లీలు, పెసలు చాలు. ఎవరో జిమ్‌లో ఇచ్చే ఇంజెక్షన్ల జోలికి మాత్రం పోవద్దు.

ఇదంతా నెలల పని. నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెడితే అందదు. అగ్నివీర్‌గా ఎంపికైనా నాలుగేళ్ల తర్వాత సైన్యంలో కొనసాగేది గరిష్ఠంగా 25 శాతమే. గాయాలతో వెనకబడితే ఆ పోటీలో నష్టపోయేది మీరే. ఒకవేళ ఎంపిక కాకపోయినా ఈ కష్టం వృథా పోదు. పాశమైలారంలో షిఫ్టు చేసినా, నాలాగా సిస్టమ్ ముందు కూర్చున్నా మోసేది ఈ ఒంటినే కదా!

ఈ సాయంత్రమే బీమ్ పట్టుకోండి. ఎన్ని వచ్చాయో నోట్‌బుక్‌లో రాసుకోండి. సున్నా అయినా సరే, లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది.