ఇంటి ముందు లోహపు మెరుపు

గుడిలో ధ్వజస్తంభానికి ఇత్తడి తొడుగు ఎంత అందం! అలాగని గోడలన్నిటికీ తొడగరు కదా. కురబలకోట, మదనపల్లె వైపు కొత్తిల్లు కట్టుకునే అక్కచెల్లెళ్లకూ ఇదే మాట. మెరిసే రేకు తలవాకిలి పక్కనో, వరండా స్తంభానికో చాలు. పడమటెండ కొట్టే గోడకు వద్దు. స్టెయిన్‌లెస్ స్టీలు మరలే వాడించండి. ఇనుపవైతే తుప్పు కారి గోడ మరకలవుతుంది.

అసలు సంగతి మరొకటుంది. చాలా ఎ.సి.పి. రేకుల్లో రెండు అల్యూమినియం పొరల మధ్య ప్లాస్టిక్ ఉంటుంది. 2017లో లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ కాలి 72 మంది చనిపోయారు. మంటలు అంత త్వరగా పాకడానికి ముఖ్య కారణం ఇలాంటి తొడుగేనని విచారణలో తేలింది. కనుక వంటింటి కిటికీ దగ్గర దీన్ని పెట్టించకండి. మిగతా చోట్లకైనా నిప్పును తట్టుకునే రకమేనా అని అడిగి, బిల్లు మీద రాయించుకోండి. అందం కన్నా ఇంటిల్లిపాది క్షేమం ముఖ్యం కదండీ!