పీఠము లేని ఆచార్యురాలు



పటాన్‌చెరువు దాటి బొంబాయి బాటను పోవునపుడు మందుల కర్మాగారములు కానవచ్చును. కందియొద్ద హైదరాబాదు ఐ.ఐ.టి., ఆ పిమ్మట పోతిరెడ్డిపల్లి. ఇచ్చటి తల్లులకు రసాయనమనిన పొగగొట్టమే తోచుట సహజము. "ఆడపిల్లకు ఆ చదువేల?" యనువారును కలరు. అట్టివారికొక విదుషి చరిత్రను చెప్పగోరుచున్నాను.

శ్రీమతి దర్శన్ రంగనాథన్ గారు 1941 జూన్ 4న ఢిల్లీలో జన్మించిరి. ఆ నగరపు విశ్వవిద్యాలయమున 1967లో డాక్టరు పట్టమందిరి. మిరాండా హౌస్ కళాశాలలో రసాయనశాస్త్రమును బోధించిరి. లండనులో బార్టన్ పండితునికడ పరిశోధన గావించిరి. 1970లో శ్రీ సుబ్రహ్మణ్య రంగనాథన్ గారిని వివాహమాడి కాన్పూరు ఐ.ఐ.టి. చేరిరి.

వారి శాస్త్రము జైవ కర్బన రసాయనము. దాని నెఱుగుటకు మన వంటయింటినే తలచుకొనుడు. మనము తిను పప్పులోని మాంసకృత్తులు దేహమున వినియోగపడునపుడు విషతుల్యమగు అమ్మోనియా పుట్టును. కాలేయము దానిని యూరియాగా మార్చును, మూత్రపిండములు వెడలించును. మన కెఱుకలేకయే జరుగు నీ చక్రమును వారు ప్రయోగశాలలో అనుకరించిరి. మాంసకృత్తుల గొలుసులు మడతపడు విధమును గూడ శోధించిరి. చీర కుచ్చిళ్లవలె మడతలు సరిగ పడిననే ఆ గొలుసు తన పని చేయగలదు.

ఇంత పాండిత్యమున్నను కాన్పూరులో వారికి ఆచార్యపదవి దొరకలేదు. భార్యాభర్తలిరువురును ఒకేచోట ఆచార్యులుగా ఉండరాదను వ్రాయని కట్టుబాటు అడ్డువచ్చెను. ఇరువదేండ్లకు పైగా ఉపకారవేతనములతోనే పరిశోధన సాగించిరి. 1993లో త్రివేండ్రము ప్రాంతీయ పరిశోధనశాలకును, 1998లో మన హైదరాబాదునందలి ఐ.ఐ.సి.టి.కిని వచ్చి, ఇచ్చట ఉపసంచాలకురాలైరి. 1999లో తృతీయ ప్రపంచ విజ్ఞాన పరిషత్తు పురస్కారము లభించెను. 2001 జూన్ 4న, అరువదవ జన్మదినముననే, కాన్సరు వ్యాధిచే కన్నుమూసిరి.

ఈ కథ విని "ఓర్పే స్త్రీకి భూషణము" అని తృప్తిపడినచో పొరపాటగును. ఆ ఓర్పు మెచ్చదగినదే. ఓర్చుకొనుమన్న కట్టుబాటు మాత్రము మెచ్చదగినది కాదు. మన యిండ్లలోను వ్రాయని కట్టుబాట్లు లేకపోలేదు. అల్లుని యుద్యోగము చాలునని కూతురి చదువు నాపించువారు లేరా? కోడలి పరిశోధనకంటె పండుగ పిండివంటలే ముఖ్యమనువారు లేరా?

ఆమె మరణానంతరము భర్తగారు ఒక స్మారకోపన్యాసమును నెలకొల్పిరి. దానిని స్త్రీ శాస్త్రజ్ఞులే యిత్తురు. దాని పేరు "ఆచార్య దర్శన్ రంగనాథన్ స్మారకోపన్యాసము." కాన్పూరులో దొరకని ఆ 'ఆచార్య' పదము పోయిన పిమ్మట పేరుముందు నిలిచినది. సోదరీమణులారా, మన బిడ్డల విషయమున అంత ఆలస్యము జరుగకుండ చూచుట మన పని.