బైసికిలు యాత్రయు, ఎదురుగాలియు

తిరుపతినుండి యొక సోదరి వ్రాసిన జాబు ఈ నెల మా పుటకు విషయమైనది. ఆమె కుమార్తె కళాశాలలో చదువుచున్నది. దీపావళి పోయిన పిమ్మట నలుగురు స్నేహితురాండ్రతో గలసి తిరుపతినుండి చంద్రగిరి, చిత్తూరు, పలమనేరుల మీదుగా మదనపల్లెవఱకు బైసికిళ్లపై పోయి రావలెనని ఉబలాటపడుచున్నదట. "ఆడుపిల్లలను పంపవచ్చునా?" యని యామె ప్రశ్న.

ఆడుపిల్లలు బైసికిలుపై దూరము పోగలరా యనునది యెన్నడో తీఱిన వివాదము. మన పొరుగున తమిళనాటి పుదుక్కోట జిల్లాలో 1991, 92 సంవత్సరముల అక్షరాస్యతోద్యమమున వేలకొలది పల్లెపడుచులు బైసికిలు నేర్చిరి. పూనా యువతి వేదాంగి కులకర్ణి 2018లో, ఇరువది యేండ్ల ప్రాయమున, ఆస్ట్రేలియాలోని పెర్తు నగరమునుండి బయలుదేఱి 159 దినములలో సుమారు 29,000 కిలోమీటర్లు తొక్కెను. కావున మేము ప్రశ్నను కొంచెము మార్చుచున్నాము. పిల్లలను కార్తికమాసపు గాలివానలోనికి పంపవచ్చునా? ఆ తల్లి నిజముగా ఆలోచింపవలసినది ఇది.

బైసికిలు తొక్కువారికి కొండకంటె గాలి కష్టతరము. కొండ యెక్కిన పిమ్మట దిగుడు కలదు. ఎదురుగాలికి అట్టి ప్రతిఫల మేమియు లేదు. గంటకు 15 కిలోమీటర్ల వేగమున పోవు బాలికకు అంతే వేగముగల గాలి యెదురైనచో, గాలి కలిగించు అడ్డు నాలుగింతలగును. తిరుపతినుండి చిత్తూరు సుమారు 70 కిలోమీటర్లు. నిశ్చలమైన దినమున అయిదు గంటలలో ముగియు దారి, అట్టి గాలిలో ఎనిమిది గంటలు పట్టినను ఆశ్చర్యములేదు. కార్తికమున ఆఱు గంటలకే ప్రొద్దు గ్రుంకును గదా!

చిత్తూరు దాటి బంగారుపాళెము, మొగిలి కనుమ గడచి పలమనేరు చేరుసరికి భూమి వేయి అడుగులకు పైగా ఎత్తగును. ఆ మెట్టసీమలో చాలచోట్ల వేరుసెనగ చేలు, టమాటా తోటలు, నడుమ బయళ్లు. గాలికి చాటు తక్కువ. ఆషాఢమున అచట పడమటి గాలి మొగమున గొట్టును. కార్తికమున గాలి ఈశాన్యమునుండి వచ్చును. ఇందొక మోసమున్నది. పిల్లలు నైరృతిగా, పడమరగా పోవునంతసేపు ఆ గాలి వీపున నెట్టును. అది తమ కాళ్లబలమే యని వారు మురియుదురు. తిరుగుదారిని అదే గాలి మొగమునకు వచ్చును. అప్పటికి కాళ్లు అలసియుండును, వానయు తోడగును. కావున మరలివచ్చుటకు పోయిన దినములకంటె హెచ్చు దినము లుంచుకొనవలెను. లేదా పాకాలనుండి రైలెక్కవలెను. ఇందులో చిన్నతన మేమియు లేదు.

ఇక వాన. ఈశాన్య ఋతుపవనపు వాన మన సీమకు ప్రాణాధారము. చెఱువులు నిండునది దానివలననే. కాని 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏఱులైన సంగతి పాఠకురాండ్రు మఱచియుండరు. సువర్ణముఖి, నీవా, కౌండిన్య వంటి నదులు ఏడాదిలో చాలకాలము ఇసుకమేటలే. ఎక్కడో ఎగువ చెఱువులు నిండి మరువ పాఱినచో, ఇచట వాన వెలిసిన తరువాత గూడ వంకలు పొంగును. రోడ్డుమీద పాఱు నీరు మోకాలిలోతు లేకున్నను మనుష్యుని పడద్రోయగలదు. బైసికిలు చేతనుండిన నది మఱింత లాగును. క్రింద రోడ్డు కొట్టుకొనిపోయినదో నిలిచియున్నదో కంటికి తెలియదు.

అట్టి వంక యొడ్డున నిలిచిన బాలిక మనస్సున ఏమి మెదలును? నీటి లోతుకంటె ముందుగా ఇంటివారి మాట మెదలును. "మేము చెప్పలేదా! నీవల్ల కాదని అప్పుడే అంటిమి" అను మాట వినవలసి వచ్చునని భయపడిన పిల్ల నీటిలో దిగును. తల్లులారా, మాకు అన్నిటికంటె భయము గొలుపునది ఇదియే. పోవుటకు సెలవిచ్చిన తల్లి, సగము దారినుండి మరలివచ్చుటకు గూడ ముందే సెలవీయవలెను. వచ్చిన నాడు ఎత్తిపొడువమని మాట యీయవలెను. తండ్రిచేతను, నాయనమ్మచేతను గూడ ఆ మాట చెప్పింపవలెను. వారు ఒప్పుకొనుట కష్టమని మే మెఱుగుదుము.

ముగ్గురు బిడ్డల తల్లియైన ఆనీ లండన్‌డెరీ 1894లో అమెరికాలోని బోస్టను నగరమునుండి బైసికిలుపై ప్రపంచయాత్రకు బయలుదేఱెను. చికాగో చేరుసరికి సెప్టెంబరు మాసాంతము. ముందు విశాలమైన పచ్చికబయళ్లు, వానికవ్వల పర్వతములు, చలికాలము సమీపించుచున్నది. ఆమె పడమటికి పోక వెనుకకు మరలెను. 42 పౌనుల బరువుగల బండిని విడిచి అందులో సగము బరువుగల దానిని పుచ్చుకొని, న్యూయార్కు చేరి ఓడ యెక్కెను. 1895 సెప్టెంబరులో తిరిగి చికాగో చేరి యాత్ర ముగించెను. వెనుదిరిగినందున ఆమె పేరు చెడలేదు.

కొన్ని చిల్లర సంగతులు. వాతావరణశాఖవారు నారింజరంగు, ఎఱ్ఱరంగు హెచ్చరికలిచ్చిన దినమున బండి కదల్పరాదు. ఉఱుము వినబడినచో బండిని విడిచి పైకప్పుగల కట్టడములోనికి పోవలెను. ఒంటిచెట్టు క్రింద నిలువరాదు. కడపటి ఉఱుము వినిన పిమ్మట అరగంట ఆగవలెను. లారీ దాటిపోవునప్పుడు గాలి యొక్కసారి తప్పి మఱల కొట్టును, చేతిపట్టు సడలింపరాదు. చున్నీ గొలుసులో చిక్కకుండ నడుమునకు బిగించుకొనవలెను. పంపు, పంక్చరు సామాను నేర్చినవారి చేతనే యుండవలెను. పలమనేరు చెంత కౌండిన్య అభయారణ్యపు ఏనుగులు రాత్రివేళ రోడ్డుమీదికి వచ్చుట కలదు. ప్రొద్దుండగనే ఊరు చేరవలెను.

ఆ బాలికలు పోయివచ్చిన పిమ్మట, ఎంతవఱకు పోయిరో, ఎచటినుండి మరలిరో, స్వయముగా వ్రాసి పంపినచో ఈ పుటలోనే సంతోషముతో ప్రకటింతుము.