కల్తీ కల్లు: దాడులతోపాటు వైద్యమూ అవసరం

నిజామాబాద్: చెట్టు కల్లుకూ, మందు కల్లుకూ గల తేడా తాగేవానికి తెలియదా? తెలిసినా పట్టదా? తెలంగాణ పల్లెలలో చాలాకాలంగా వినవస్తున్న ఈ ప్రశ్నకు 2015 సెప్టెంబరులో చేదు సమాధానం లభించింది.

ఈత, తాటి చెట్ల నుండి దించిన కల్లు నిలవ ఉండదు. ఉదయం తియ్యగా ఉన్నది సాయంత్రానికి పులిసిపోతుంది. మత్తు కూడా స్వల్పమే. చెట్టు ఇచ్చేది పరిమితం కాగా, దుకాణంలో గిరాకీ ఏడాది పొడుగునా ఉంటుంది. ఈ లోటు పూడ్చేందుకు కొందరు వ్యాపారులు నీళ్లలో కొద్దిపాటి కల్లు పోసి, తీపికి శాకరిన్, మత్తుకు క్లోరల్ హైడ్రేటు, డైజోపాం, అల్ప్రాజోలం వంటివి కలుపుతున్నారు. చివరి రెండూ డాక్టరు చీటీ లేనిదే అమ్మరాని మందులు.

2015లో ఆబ్కారీ అధికారులు ముమ్మరంగా దాడులు జరిపి ఈ కల్తీని అరికట్టగా నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాలలో వందలాది మంది ఆస్పత్రుల పాలయ్యారు. అందుకు కారణం కల్తీ కల్లు దొరకకపోవడమే! నిద్ర కరవై, చేతులు వణికి, ఫిట్స్ వచ్చి, మతి తప్పినట్లు ప్రవర్తించినవారు ఎందరో. కొందరు ప్రాణాలే కోల్పోయారు.

అడిగేది నాలుక కాదు

"తాగేవారే అది కావాలంటున్నారు" అన్నది కల్తీదారులను వెనకేసుకువచ్చే వాదన. మందుకు అలవాటుపడినవానికి చెట్టు కల్లు నీళ్లవలె తోచేమాట నిజమే. అయితే అలా అడిగేది అతని నాలుక కాదు, మందుకు బానిసైన శరీరం. పైగా మాత్రపై మోతాదు రాసి ఉంటుంది, సీసాలో ఎంత కలిసిందో ఎవరికెరుక? 2025 ఏప్రిల్‌లో కామారెడ్డి జిల్లాలో పదుల సంఖ్యలో జనం కల్లు తాగి అస్వస్థులయ్యారు. అదే ఏడాది జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో పలువురు మరణించారు.

మరోవంక ప్రాణాలకు తెగించి చెట్టెక్కే గీత కార్మికుని అసలు కల్లుకు విలువ లేకుండా పోతున్నది.

దాడులు తప్పనిసరే. కాని ఏళ్ల తరబడి అలవాటైన మందును ఒక్కసారిగా ఆపితే ప్రాణాపాయమని 2015 అనుభవం చాటుతున్నది. దుకాణం మూసిన రోజే సమీప ఆస్పత్రిలో మంచాలు, మందులు, వైద్యులు సిద్ధంగా ఉండాలి. అలవాటును క్రమంగా మాన్పించే చికిత్స పేదలకు ఉచితంగా అందాలి. ఈత, తాటి వనాల పెంపకం కూడా ముమ్మరం కావాలి. ఆబ్కారీ, ఆరోగ్య శాఖలు కలిసి పనిచేయవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.