బయానా ఇచ్చే ముందు నీళ్ల దారి అడగండి

వానకాలంలో జ్వరంతో ఓపీకి వచ్చినవాళ్లను నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. 'ఇల్లు ఎక్కడ? ఊళ్లోనా, కొత్తగా పడ్డ ప్లాట్లలోనా?' చాలామంది మాట కలపడానికి అడుగుతున్నాననుకుంటారు. కాదు. సగం రోగం ఆ జవాబులోనే దొరుకుతుంది.

కొన్నేళ్ల కింద ఒక ఆగస్టులో ఒకే ఇంటి నుంచి ముగ్గురు పచ్చకామెర్లతో వచ్చారు. ముందు కొడుకు, తర్వాత తల్లి, ఆ వెనకే ఏడో నెల గర్భంతో పుట్టింటికి వచ్చిన బిడ్డ. నీళ్ల ద్వారా వచ్చే హెపటైటిస్-ఇ మామూలు మనిషికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. నెలలు నిండుతున్న గర్భిణికి మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది. ఆ అమ్మాయిని అదే రాత్రి వరంగల్ పంపించాం. బతికింది. కడుపులో బిడ్డ దక్కలేదు.

వాళ్లది ఏడాది కూడా నిండని కొత్త ఇల్లు. 150 గజాల ప్లాటు. ఒక మూల బోరు, మరో మూల సెప్టిక్ ట్యాంకు. గోడ అవతలే పక్కింటివాళ్ల సెప్టిక్ ట్యాంకు. 'వాస్తు చూసే పెట్టించాం సారూ' అన్నాడు ఆ ఇంటి పెద్ద. ఆయన అబద్ధం చెప్పలేదు. వాస్తు చూశారు. ఇంటి కింద, ఇంటి చుట్టూ నీళ్లు ఎటు నుంచి ఎటు పోతున్నాయో మాత్రం ఎవరూ చూడలేదు.

నేనూ మోసపోబోయాను

పాలకుర్తి చాకలి ఐలమ్మ పోరాడిన నేల. భూమి విలువ ఇక్కడివాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2016లో జనగామ జిల్లా అయ్యాక రోడ్ల పక్కన చేన్లు వెంచర్లవుతుంటే అందరిలాగే నేనూ ఆశపడ్డాను. ఏప్రిల్ ఎండలో ఒక వెంచర్ చూశాను. ఆర్చి, తారు రోడ్లు, వరసగా నాటిన మొక్కలు. నేల పెళపెళలాడుతోంది. బయానా ఇచ్చేశాను.

వారం తర్వాత ఓపీకి ఒక పెద్దాయన వచ్చాడు. ఒకప్పుడు ఊరి చెరువుకు నీరటి. మాటల్లో ఆ జాగ సంగతి చెబితే నవ్వాడు. 'సారూ, గా జాగలనా? వానలు బాగ పడ్డ యాడాది మత్తడి దుంకితే నీళ్లన్నీ గాడికెల్లే పోతయి.' జూలైలో వెళ్లి చూస్తే మోకాలి లోతు నీళ్లు. బయానా తిరిగి రాలేదు. అయినా ఆయనకు నేను రాసిచ్చిన మందుల కంటే ఆయన నాకు చెప్పిన మాట విలువే ఎక్కువ.

అప్పటి నుంచి ఎవరు ప్లాటు సంగతి అడిగినా ఒకటే చెబుతాను. రోగిని ఎలా చూస్తామో స్థలాన్నీ అలాగే చూడాలి. ముందు పూర్వచరిత్ర అడగాలి. తర్వాత ఒళ్లు తడిమి చూడాలి. చివరికి పరీక్షలు చేయించాలి.

మొదట పూర్వచరిత్ర

వెంచర్ ఆఫీసులో కాకుండా ఊళ్లో అడగండి. నీరటిని, గొర్లకాపరులను, అక్కడ వ్యవసాయం చేసిన పాత కౌలు రైతును అడగండి. ఇరవై, ముప్పై ఏళ్లలో పెద్ద వాన పడ్డప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో వాళ్లకు తెలుసు. ఆ జాగకు పాత పేరేమిటో కనుక్కోండి. కుంట, మడుగు, వాగొడ్డు అనే మాట వినబడితే ఆగండి. చెరువు శిఖం భూమి అంటే వెనక్కి తిరిగి రండి.

గ్రామ నక్షా తీసుకుని సర్వే నంబరు పక్కన వాగు గీత, చెరువు హద్దు ఉన్నాయేమో చూడండి. నీటిపారుదల శాఖ కార్యాలయంలో చెరువు ఎఫ్‌టీఎల్, అంటే నిండినప్పుడు నీరు నిలిచే హద్దు, ఎక్కడిదాకా ఉందో అడగండి. చెప్పకపోతే 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి.

2012 నాటి భవన నిర్మాణ నిబంధనల (జీవో 168) ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువు అయితే ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న కుంట అయితే 9 మీటర్లు వదలాలి. 10 మీటర్లకు మించి వెడల్పున్న వాగుకు, కాలువకు 9 మీటర్లు, అంతకంటే చిన్న నాలాకు 2 మీటర్లు వదలాలి. ఇవి చట్టం అడిగే కనీస దూరాలు. పిల్లలతో నిద్రపోయే ఇంటికి ఇవి చాలని వైద్యుడిగా నేను అనుకోను.

2023 జూలై 27 తెల్లవారుజామున మోరంచ వాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగింది. జనం ఇళ్ల కప్పులెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. కొందరు కొట్టుకుపోయారు. ఆ 24 గంటల్లో పక్కనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. ఆ వానలకే వరంగల్‌లో కాలనీలు మునిగాయి, భద్రకాళి చెరువు కట్టకు పోతననగర్ వైపు గండి పడింది. మరుసటి ఏడాది సెప్టెంబర్ 1న ఆకేరు పొంగి మహబూబాబాద్ జిల్లా మరిపెడ మండలంలోని సీతారాం తండాను ముంచేసింది. అదే రోజు ఖమ్మంలో మున్నేరు కాలనీల్లోకి వచ్చింది.

మోరంచపల్లివాళ్లు, తండావాళ్లు అక్కడే పుట్టి పెరిగినవాళ్లు. వెంచర్ చూసి ఎంచుకుని వెళ్లినవాళ్లు కాదు. మీకు ఎంచుకునే అవకాశం ఉంది. దాన్ని వదులుకోకండి.

తర్వాత ఒళ్లు తడిమి చూడండి

ప్లాటు ఎండాకాలంలో చూసి కొనకండి. గట్టి వాన పడ్డ మరునాడు వెళ్లండి, రాత్రి కూడా ఒకసారి వెళ్లండి. నీళ్లు ఎక్కడ నిలిచాయి, ఎటు పోతున్నాయి చూడండి. మురికికాల్వ ఉంటే దాని వెంట చివరిదాకా నడవండి. చాలా కాల్వలు చివరి ప్లాటు దగ్గర ఆగిపోతాయి. ఆగిన చోట దోమలు పెరుగుతాయి.

తుంగ, జమ్ము మొలిచిన నేల తడి ఆరని నేల. పక్క ఇళ్ల గోడల మీద నీటి చారలు ఉన్నాయేమో చూడండి. ఇంటి బేస్‌మెంట్ రోడ్డు కంటే ఎంత ఎత్తుందో చూడండి. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోతే ఇవాళ ఎత్తుగా కనిపించే గడప రేపు పల్లమవుతుంది.

వెంచర్లలో పాత వ్యవసాయ బావులుంటాయి. కప్పు లేని బావి పిల్లలకు ప్రమాదం. మట్టితో పూడ్చేసిన బావి మీద ఇల్లు కడితే నేల కుంగి గోడలు పగులుతాయి. బావి ఎక్కడుండేదో పాత రైతును అడిగి తెలుసుకోండి.

తలెత్తి కరెంటు తీగలు చూడండి. 11 కేవీ తీగకు ఇంటి గోడ నుంచి పక్కకు కనీసం 1.2 మీటర్లు, 33 కేవీకి 2 మీటర్ల దూరం ఉండాలి. రేపు మీరు బాల్కనీ దించినా, ఇంకో అంతస్తు వేసినా ఆ దూరం మిగలాలి. మా ప్రాంతంలో గ్రానైట్ క్వారీలు, క్రషర్లు ఉన్నాయి. ఇంటి ముందు చెట్ల ఆకుల మీద తెల్ల దుమ్ము పేరుకుని ఉంటే ఆ దుమ్మే మీ ఊపిరితిత్తుల్లోకీ పోతుంది. ఉబ్బసం ఉన్న పిల్లలతో అక్కడ చేరకండి.

ఇంకొకటి. అర్ధరాత్రి రెండింటికి పాము కరిస్తే 108 మీ గుమ్మం దాకా వస్తుందా? రోడ్డు వెడల్పు చాలుతుందా? వాగు పొంగితే ఆసుపత్రికి ఇంకో దారి ఉందా? ఈ ప్రశ్నలకు జవాబు లేని వెంచర్‌లో ఎంత మంచి ఆర్చి ఉన్నా లాభం లేదు.

చివరగా పరీక్షలు

బోరు నీళ్లు తేటగా ఉన్నాయని తాగకండి. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకపోతే మంచిది. వేరే నీరు దొరకని చోట కూడా 1.5 మించకూడదు. నైట్రేటు 45 మిల్లీగ్రాములు దాటకూడదు, దాటితే పాలడబ్బా కలిపి పట్టే పసిబిడ్డలకు ముప్పు. ఈకొలి క్రిమి 100 మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా కనబడకూడదు. కాచితే క్రిములు చస్తాయి. ఫ్లోరైడ్, నైట్రేటు మాత్రం పోవు. నీరు ఆవిరై ఇంకా చిక్కబడతాయి.

సెప్టిక్ ట్యాంకు నీళ్లు ఇంకే గుంతకూ, తాగే బోరుకూ మధ్య కనీసం 50 నుంచి 60 అడుగులుండాలి. 30 అడుగుల వెడల్పు, 45 అడుగుల పొడవున్న 150 గజాల ప్లాటులో మూల నుంచి మూలకు కొలిచినా 54 అడుగులే వస్తుంది. మీ దూరం మీరు పాటించినా పక్కింటి గుంత మీ బోరు పక్కనే ఉండొచ్చు. మనది రాతినేల. రాతి పగుళ్లలో మురుగు ఎంత దూరమైనా పోతుంది. కాబట్టి చిన్న ప్లాట్ల వెంచర్‌లో మిషన్ భగీరథ కనెక్షన్, భూగర్భ డ్రైనేజీ ఉన్నాయా లేదా అన్నదే అసలు ప్రశ్న. లేకపోతే ధర ఎంత తగ్గించినా అది చౌక కాదు.

కాగితాలు చాలవు

'రిజిస్ట్రేషన్ అయింది కదా సారూ' అంటారు. రిజిస్ట్రేషన్ అంటే మీరూ, అమ్మినవాళ్లూ రాసుకున్న ఒప్పందం నమోదు కావడం. అది స్థలానికి ఆరోగ్య ధ్రువపత్రం కాదు. 500 చదరపు మీటర్లు, 8 ప్లాట్లు దాటిన వెంచర్‌కు రెరా నమోదు తప్పనిసరి. ఆ నంబరు అడగండి, లేఅవుట్ అనుమతి అడగండి. అయినా అవి ఉన్నంత మాత్రాన వాన ఆగదు, వాగు దారి మారదు.

ప్రభుత్వాన్ని నేను కోరేది ఒక్కటే. ప్రతి సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయం గోడ మీద ఆ మండలంలోని చెరువుల ఎఫ్‌టీఎల్ హద్దులు, గత వరదల్లో మునిగిన సర్వే నంబర్లు అంటించండి. మందు సీసా మీద గడువు తేదీ రాయకుండా అమ్మనివ్వం కదా. జీవితాంతం కూడబెట్టిన సొమ్ముతో కొనే స్థలానికి ఆ మాత్రం హెచ్చరిక ఉండొద్దా?

'పల్లపు జాగ తప్ప మాకేది అందుతుంది సారూ' అని అడిగేవాళ్లున్నారు. నిజమే. చౌక ప్లాట్లన్నీ పల్లంలోనే ఉంటాయి. అలాంటప్పుడు 200 గజాలు ఆశపడకుండా ఎత్తున 100 గజాలు కొనండి. లేదా ఇంకో రెండేళ్లు కిరాయికి ఉండండి. ఇప్పటికే కొని కట్టుకున్నవాళ్లయితే తాగేందుకు బోరు నీళ్లు మానేయండి. సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టానికి జాలీ కట్టండి. సంపు మూత బిగించండి. వరద నీళ్లలో నడిచిన రెండు మూడు వారాల్లో జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే ఎలుకల మూత్రం ద్వారా వచ్చే లెప్టోస్పైరోసిస్ కావచ్చు. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రండి, నీళ్లలో నడిచిన మాట డాక్టరుకు చెప్పండి.

ఆ అమ్మాయి మళ్లీ గర్భంతో వచ్చినప్పుడు నేను అడగకముందే చెప్పింది. 'సారూ, ఈసారి కాన్పుకు పుట్టింటికి పోతలేను.' కొత్త ఇల్లు ఉండీ కూతురిని పురిటికి పిలుచుకోలేని తల్లి పక్కనే నిలబడి నేల చూస్తోంది. మీ ఇంట్లో ఆ రోజు రాకూడదనే ఇదంతా రాశాను.

(వ్యాసకర్త ప్రభుత్వ ఆసుపత్రి వైద్యులు, ఎంబీబీఎస్, ఎండీ)