కుట్టనిదోమ పిల్ల

అనువాదకులు చేసే తప్పులు చాలావరకు అచ్చుకాగితం మీదనే పడి ఉంటాయి. నేను చేసిన తప్పు ఒకటి మాత్రం మూడేళ్ళు ఆగి, మా మేడమీది నీళ్ళ తొట్టిదాకా వచ్చింది.

మంచినీటి చెరువులను గురించిన ఒక ఆంగ్ల వ్యాసాన్ని తెనిగిస్తూ ఉండగా 'బ్లడ్‌వర్మ్' అనే మాట తగిలింది. నిఘంటువులు తిరగవేసే ఓపిక లేక 'రక్తపు పురుగు' అని వ్రాసి ముందుకు సాగిపోయాను. ఆ పత్రిక మా వాటాలన్నిటిలోనూ చేతులు మారింది. నిరుడు వేసవిలో ఒకనాటి ఉదయం, కుళాయి నుంచి అరంగుళం పొడవున్న ఎర్రని పురుగు ఒకటి బిందెలో పడి మెలికలు తిరగసాగింది. క్రింది వాటా పిన్నిగారు దానిని చూసి, "నువ్వు వ్రాసిన రక్తపు పురుగు ఇదే కదమ్మా! మా మనవడు ఈ నీళ్ళే త్రాగాడు. లోపలికి పోయి వాడి నెత్తురు పీల్చేస్తుందేమో!" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. సాయంత్రానికల్లా, వాటాదారుల తరఫున లెక్కలు చూసే పెద్దమనిషి దోమల మందు సీసా ఒకటి కొనితెచ్చి, తొట్టిలో ఒంపడానికి నిచ్చెన వేస్తున్నారు.

ఆయనను ఆపినవారు ఎదురింటి మాస్టారు. కళాశాలలో జంతుశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవారు. "ఆ సీసాలోది త్రాగే నీళ్ళలో పోసేది కాదండీ. ముందు ఆ పురుగును ఒక గాజుగ్లాసులో వేసి నాకివ్వండి" అన్నారు.

గ్లాసును కిటికీ వెలుతురులో పెట్టి, భూతద్దం నా చేతికిచ్చారు. నీళ్ళలో మెదిలే మూడు రకాల ప్రాణులను మనం తరచు ఒకటిగానే జమకట్టుతాము. దోమ డింభకానికి రొమ్ముభాగం ఉబ్బెత్తుగా ఉంటుంది, కాళ్ళు ఉండవు, గాలి పీల్చుకోవడానికి నీటి పైపొరకు వస్తూ పోతూ ఉంటుంది. మురుగుకాలువ అడుగున గుంపులుగా ఊగులాడే ట్యూబిఫెక్స్ వానపాము తెగకు చెందినది. ఎరుపే కాని, దానికి విడిగా తల అంటూ కనిపించదు. మా బిందెలోని ప్రాణికి గట్టి గోధుమరంగు తల స్పష్టంగా ఉన్నది. తల వెనుక ఒక జత, తోక చివర ఒక జత మొండికాళ్ళు, వాటి కొసలకు చిన్నచిన్న కొక్కేలు. మిగిలిన దేహమంతా సన్నని గొట్టం.

"ఇది కైరనామిడే కుటుంబపు డింభకం. పెద్దదైతే అచ్చం దోమలాగే ఉంటుంది, కుట్టదు" అన్నారు మాస్టారు.

కుట్టడానికి దానికి తొండమే లేదు. దోమ రెక్కలమీద ఉండే పొలుసులూ లేవు. గోడమీద వాలినప్పుడు దోమ సాధారణంగా వెనుక కాళ్ళు పైకెత్తుతుంది. ఇది ముందు కాళ్ళు ఎత్తుతుంది. సందెవేళ చెరువుగట్టున మన తలలపైన స్తంభంలా లేచి ఆడే ముసురులో చాలాభాగం ఇవే. రెక్కలు వచ్చిన తరువాత వీటి బ్రతుకు కొద్ది దినాలు. అసలు జీవితమంతా నీటి అడుగున డింభకదశలోనే గడుస్తుంది.

ఇక నన్ను ఇంత చిక్కులో పెట్టిన ఆ ఎరుపు మన నెత్తురు కాదు, దాని సొంతం. అడుగు బురదలో ప్రాణవాయువు అరుదు. దొరికిన కాస్తను పట్టి ఉంచుకోవడానికి ఈ డింభకం తన దేహద్రవంలో హీమోగ్లోబిన్‌ను కరిగించి పెట్టుకుంటుంది. నోటినుంచి వచ్చే పట్టుదారంతో బురదరేణువులను అతికి గొట్టం కట్టుకుని, అందులో దేహాన్ని అలలా ఆడిస్తూ క్రొత్త నీటిని లోపలికి లాగుకుంటుంది. తినేది నాచు, కుళ్ళిన ఆకుల తునకలు. పోనీ 'ఎర్రపురుగు' అందామా అంటే, ఈ కుటుంబంలో ఆకుపచ్చనివీ తెల్లనివీ కూడా కావలసినన్ని. శాస్త్రజ్ఞులు ఇంతవరకు వర్ణించిన జాతులే 7,000కు పైగా ఉన్నవి.

మరి ఒక జాతినుంచి మరొక జాతిని పోల్చుకునేదెలా? తరువాతి ఆదివారం మాస్టారు తమ పాత సూక్ష్మదర్శిని బయటికి తీశారు. సారాయిలో భద్రపరచిన డింభకం తలను కోసి, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో కొంతసేపు వెచ్చబెట్టితే, కండ అంతా కరిగిపోయి తలగుల్ల తేటగా మిగులుతుంది. దానిని గాజుపలకమీద వెల్లకిలా, గడ్డం పైకి వచ్చేటట్టు పరచాలి. నేను వేసిన మొదటి రెండు తలలు బోర్లా తిరిగిపోయి ఎందుకూ పనికిరాలేదు. మూడవదానిలో కనిపించింది: గడ్డం దగ్గర రంపంవంటి నల్లని పలక. దీనిని మెంటమ్ అంటారు. నడుమ మూడు కొనలుగా చీలిన పన్ను, దానికి ఇరుప్రక్కల ఆరేసి పళ్ళు, ఆవల గీతలు గీసిన విసనకర్రలవంటి రెండు పలకలు. అది కైరనామస్ ప్రజాతి గుర్తు. ఇదే కుటుంబంలో సాటి డింభకాలను వేటాడి తినే టానిపోడినే అనే శాఖకు ఈ రంపం ఉండదు. దానికి బదులు నోటిలోపల పళ్ళ దువ్వెనవంటి అవయవం ఉంటుంది. మీసాలను తలలోకి ముడుచుకోగలగడం దాని మరొక గుర్తు.

ప్రజాతి దాకా రావడం ఒక యెత్తు. జాతి తేల్చడానికి డింభకం తల ఒక్కటే తరచు చాలదు. అందుకని కొన్నింటిని విడివిడిగా సీసాలలో పెంచి, విడిచిన డింభకపు తోలు, ప్యూపా తోలు, ఎగిరివచ్చిన పెద్దకీటకం, మూడింటినీ ఒకే చీటీ క్రింద భద్రపరుస్తారు. ఇంత శ్రమ ఎందుకని నేను అడగకపోలేదు.

మాస్టారు చెప్పిన సమాధానంలో మొదటి పేరు ఆగస్ట్ థీనెమాన్. జర్మనీలోని ప్లోన్ పట్టణంలో పనిచేసిన ఈ శాస్త్రజ్ఞుడు 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో సరస్సులను వాటి అడుగున ఉండే ఈ డింభకాలనుబట్టి వర్గీకరించాడు. లోతుగా, తేటగా, పోషకాలు తక్కువగా ఉండి అడుగుదాకా ప్రాణవాయువు అందే సరస్సులలో టానిటార్సస్ తెగ; కుళ్ళు పేరుకుని అడుగున ఊపిరి ఆడని సరస్సులలో కైరనామస్. నీటి పైభాగం ఎంత అందంగా మెరిసినా, అడుగు సంగతి ఈ పురుగు చెప్పేస్తుంది. 1971లో హామిల్టన్, సేథర్ అనే ఇద్దరు కెనడా సరస్సులలోని డింభకాల పళ్ళు వంకరపోయి ఉండడాన్ని ప్రకటించారు. ఆ తరువాత లోహాలు, పురుగుమందులు కలిసిన నీళ్ళలో పళ్ళు ఊడినవి, అతుక్కుపోయినవి, అదనంగా మొలిచినవి ఎందరో లెక్కించారు. శుభ్రమైన నీటిలోనూ అక్కడక్కడా వంకరపళ్ళు కనిపిస్తాయి కనుక, ఒక్క పురుగును చూసి తీర్పు చెప్పరాదు. వందల తలలు చూడాలి.

నన్ను అన్నిటికంటె ఆశ్చర్యపరచినది మరొకటి. డింభకం పెద్దదయ్యేలోగా నాలుగు దశలు దాటుతుంది. కుబుసం విడిచిన ప్రతిసారీ తలగుల్ల అడుగున పడుతుంది. అది వేల ఏండ్లు చెడదు. ఒక్కొక్క జాతికి ఒక్కొక్క ఉష్ణోగ్రత ఇష్టం. కాబట్టి సరస్సు అడుగుమట్టిని గొట్టంతో తీసి, పొరపొరలోని గుల్లలను పోల్చితే, 12,000 ఏండ్లనాటి వేసవి ఎంత వెచ్చనిదో ఒకటి రెండు డిగ్రీల తేడాలో అంచనా వేయవచ్చు. ఇందుకోసమే బ్రూక్స్, లాంగ్డన్, హైరి అనేవారు 2007లో తలగుల్లలను గుర్తించే ఒక గ్రంథం ప్రకటించారు.

ఇంత విన్నాక నేను పిన్నిగారి దగ్గరకు పరుగెత్తి, "ఇది పూర్తిగా సాధుజీవి" అని చెప్పబోతే మాస్టారు మళ్ళీ ఆపారు. ఈ కీటకాలు జిగురు ముద్దలుగా పెట్టే గుడ్లమీద కలరా సూక్ష్మజీవి జాతి, విబ్రియో కలరే, పెరుగుతుందని ఇజ్రాయెల్ పరిశోధకులు 2001లో వెల్లడించారు. వారికి దొరికినవి పెద్ద కలరాలు తెచ్చే రకాలు కావు; అయినా తెలుసుకోవలసిన సంగతే. సూడాన్‌లో నైలునది ఒడ్డున ఈ ముసురు పడినప్పుడు కొందరికి ఉబ్బసం వచ్చింది. దానికి కారణం ఆ హీమోగ్లోబినే. 'రక్తపు పురుగు' అని భయపెట్టినదానిని నేనే, మళ్ళీ నేనే దానిని సాధువును చేయబోయాను!

తొట్టి ఖాళీ చేయించి చూస్తే అడుగున రెండు వ్రేళ్ళ మందాన మెత్తని ఒండ్రు. మూత అంచున వల చినిగి, పురుగు దూరి గుడ్లు పెట్టేంత సందు. ఒండ్రు తోడి, గోడలు రుద్ది, సన్నకంత వల బిగించాము. మందుసీసా మూత విప్పకుండానే దుకాణానికి తిరిగి వెళ్ళింది.

తొట్టిలో దొరికినవాటిలో ఒకటి మాస్టారి సీసాలో పెరిగి, ఒకనాటి రాత్రి రెక్కలు తెచ్చుకున్నది. రెండు తోళ్ళనూ కీటకాన్నీ సారాయిలో వేసి ఆయన చీటీ వ్రాస్తూ, "తెలుగు పేరేమని వ్రాయమంటావమ్మా?" అని అడిగారు. ఎం.ఏ. చదువు, ఇరవై ఏండ్ల అనువాద వృత్తి ఉండికూడా నాకు నోట మాట రాలేదు. చూడడానికి వచ్చిన పిన్నిగారు, "అంతసేపు ఆలోచన ఎందుకే, కుట్టనిదోమ పిల్ల అని వ్రాయండి మాస్టారూ" అన్నారు. చీటీమీద అదే ఉన్నది.