పైన చెట్టు, కింద పిల్లాడు

క్రిస్మస్ మనది కాదు, మనకెందుకు అనేవాళ్ళతో నాకు పేచీ లేదు. వాళ్ళు చెట్టు పెట్టరు, దీపాలు కట్టరు. నా పేచీ అంతా మనతోనే. కెనడా వచ్చి, పౌరసత్వం పుచ్చుకుని, ఇల్లు కొనుక్కుని, నవంబరు దాటీ దాటకముందే హాల్లో ఏడడుగుల చెట్టు నిలబెట్టే మన తెలుగు కుటుంబాలతో. చెట్టు పెట్టుకోండి, తప్పేం లేదు. మా ఇంట్లోనూ ఉంది. పిల్లలు ఇక్కడ పుట్టారు, స్నేహితులందరి ఇళ్ళలోనూ ఉంటుంది, మనింట్లో లేకపోతే చిన్నబోతారు. కానీ పండగ తెచ్చుకున్నాక ఆ పండగలో ఉన్న అసలు మాట కూడా తెచ్చుకోవాలి కదా! ఆ మాటని మంచులో వదిలేసి దీపాల దండలు మాత్రం లోపలికి తెచ్చుకున్నామన్నదే నా గొడవ.

ఆ మాట ఏమిటో మీకు తెలుసు. నెలలు నిండిన ఒక అమ్మాయి, ఆమె భర్త, జనాభా లెక్కల కోసం ఊరు కాని ఊరు వచ్చారు. సత్రంలో చోటు లేదన్నారు. పుట్టిన బిడ్డని పశువుల తొట్టిలో పడుకోబెట్టుకున్నారు. కథంతా ఇంతే. ఇందులో శాంటా లేడు, ప్లమ్ కేకు లేదు, బాక్సింగ్ డే సేలు అసలే లేదు. ఉన్నదల్లా చోటు అడిగినవాళ్ళూ, లేదన్నవాళ్ళూ.

ఈ కథ ఏ దేశం వెళితే ఆ దేశపు ఇల్లు కట్టుకుంది. కెనడాలో పుట్టిన అన్నిటికంటే పాత క్రిస్మస్ పాటగా 'హ్యూరన్ కారల్' అని ఒకటి చెప్తారు. 1640ల్లో బ్రెబఫ్ అనే ఫ్రెంచి ఫాదరు ఇక్కడి వెండాట్ ప్రజల భాషలో రాశాడంటారు. 1926లో దానికి వచ్చిన ఇంగ్లీషు రూపంలో పశువుల పాక ఉండదు. చెట్టు బెరడుతో కట్టిన గుడిసె ఉంటుంది, బిడ్డకి కుందేలు తోలు కప్పుతారు. అంటే చోటు దొరకనివాళ్ళు ఈ నేల మీద ఎక్కడ తలదాచుకుంటారో అక్కడికి కథని తెచ్చుకున్నారన్నమాట. మరి ఇవాళ మన బ్రాంప్టన్‌లోనో మిస్సిసాగాలోనో ఆ కథ జరిగితే ఎక్కడ జరుగుతుంది? గరాజు పక్క సందులోంచి ఆరు మెట్లు దిగి వెళ్ళే మన బేస్‌మెంటులో జరుగుతుంది.

ఆ బేస్‌మెంటులో ఉన్నది ఎవరో కాదు. గుంటూరు నుంచో, కరీంనగర్ నుంచో చదువుకోడానికి వచ్చిన పిల్లలు. పొలం కాగితాలో, అమ్మ గాజులో బ్యాంకులో పెట్టి వచ్చినవాళ్ళు. స్టూడెంట్ వీసాకి ఫీజులూ విమాన ఖర్చులూ కాక బతకడానికి చూపించాల్సిన డబ్బు 2000ల మొదటి నుంచి పదివేల డాలర్ల దగ్గరే ఉండిపోయింది. 2024 జనవరి 1 నుంచి దాన్ని 20,635 డాలర్లు చేశారు. ఒక్కసారిగా రెట్టింపు పైన పెంచారంటే, అంతకు ముందు పదివేలు పట్టుకుని దిగిన పిల్లలు ఏడాదంతా ఏం తిని బతికారో మీరే ఆలోచించుకోండి. తరగతులు జరిగే రోజుల్లో బయట పని వారానికి ఇరవై నాలుగు గంటలు మించకూడదు. అంత పని దొరికితే అదే గొప్ప. డిసెంబరులో షాపులవాళ్ళు షిఫ్టులు బాగానే ఇస్తారు, జనవరి రాగానే కోసేస్తారు.

ఈ మధ్య ఒకరింటికి పార్టీకి పిలిస్తే వెళ్ళాం. చెట్టు చాలా అందంగా ఉంది. చెట్టు కింద రంగు కాగితాల పొట్లాలు, పక్కన ఫుడ్ బ్యాంకుకి ఇవ్వడానికి పెట్టిన డబ్బా. వచ్చినవాళ్ళందరం శనగల టిన్నులూ పాస్తా పొట్లాలూ అందులో వేసి ఫొటో దిగాం. ప్లేట్లు తేవడానికి వంటగదిలోకి వెళితే, బేస్‌మెంటు తలుపుకి ఒక కాగితం అంటించి ఉంది. రాత్రి ఎనిమిది తర్వాత స్టవ్ వెలిగించరాదు. పోపు పెట్టరాదు. ఫ్రిజ్‌లో కింది అర మాత్రమే. స్నేహితులు రారాదు. హీటర్ ముట్టుకోరాదు. అన్నీ 'రాదు'లే. నేను చదువుతూండగానే ఆ పిల్లాడు బయటి నుంచి వచ్చాడు. జాకెట్ మీద మంచు. చేతిలో నూడుల్స్ కప్పు. "అక్కా, కొంచెం వేడినీళ్ళు పట్టుకోవచ్చా" అని నన్నడిగాడు, నేనే ఆ ఇంటావిడనుకుని. ఇంట్లో ముప్ఫై మందికి బిర్యానీ ఉంది.

ఆ ఇంటావిడ చెడ్డది కాదు. నాలుగు ఇళ్ళకి పచ్చళ్ళు పంచే మనిషి. నేను అడిగితే, "ఒకరోజు పెడితే అలవాటైపోతారు వదినా" అంది. ఈ మాట నేను చాలా ఇళ్ళలో విన్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

మొదటి సంగతి. ఆ డబ్బాలో మనం వేసిన టిన్ను ఆ పిల్లాడికి చేరుతుందన్న నమ్మకం లేదు. విదేశీ విద్యార్థులకి ఇవ్వలేమని కొన్ని ఫుడ్ బ్యాంకులు చెప్పేశాయి. వాళ్ళని తిట్టి లాభం లేదు, వాళ్ళ దగ్గరే సరుకు చాలడం లేదు. కెనడాలో మొదటి ఫుడ్ బ్యాంకు 1981లో ఎడ్మంటన్‌లో పెట్టారు, గడ్డు రోజులు గట్టెక్కేదాకా ఉంటే చాలనుకుని. 2024 మార్చి ఒక్క నెలలో దేశమంతటా ఫుడ్ బ్యాంకులకి జనం ఇరవై లక్షల సార్లకి పైగా వెళ్ళారు. అందులో మూడోవంతు పిల్లల కోసమే. టిన్నులు వెయ్యండి, డిసెంబరులోనే కాదు, ఏడాది పొడుగునా వెయ్యండి. కానీ ఊరవతల ఆకలికి టిన్ను పంపి, మెట్ల కింద ఆకలికి నోటీసు అంటించడం ఏం ధర్మం?

"ఈ పిల్లలు డబ్బుండి కూడా ఫ్రీగా వస్తుందని లైన్లో నిలబడి మన పరువు తీస్తున్నారు" అంటారు. అలాంటివాళ్ళు కొందరు ఉన్నారు. ఫోన్లో వీడియోలు మీరూ చూశారు, నేనూ చూశాను. అయితే ఆ వీడియో తీసినవాడు మీ బేస్‌మెంటులో లేడు. మీ బేస్‌మెంటులో ఉన్నవాడు పదింటికి షిఫ్టు దిగి, రెండు బస్సులు మారి, పదకొండున్నరకి ఇల్లు చేరేసరికి స్టవ్ ఆపేసి ఉంటోంది. వాడు లైన్లో నిలబడకూడదని మీకంత పట్టుదల ఉంటే, వండుకోనివ్వండి.

"మాకూ కష్టాలున్నాయి, ఇంటి అప్పు మీద వడ్డీ ఎంత పెరిగిందో తెలుసా" అంటారు. తెలుసు. 2022 మొదట్లో పావు శాతం ఉన్న బ్యాంక్ ఆఫ్ కెనడా రేటు 2023 జులైకి ఐదు శాతమైంది. మా ఇంట్లోనూ కాగితం కలం పెట్టుకుని కూర్చున్నాం. అద్దె తీసుకోవద్దని నేననడం లేదు. అద్దె న్యాయంగా తీసుకోండి, ఒకటో తారీఖునే తీసుకోండి. కానీ ఆ అద్దె గదికీ, వేడికీ, పొయ్యికీ కలిపి ఇస్తున్నాడు. డబ్బు తీసుకుని పొయ్యి ఆపేస్తే, సరుకు తూకంలో కొట్టిన కోమటికీ మనకీ అని సామెత చెప్పి ఏ కులాన్నీ అనక్కర్లేదు, తూకంలో కొట్టింది మనమే.

చట్టం సంగతి కూడా చెప్పాలి. ఒంటారియోలో అద్దె ఇంట్లో సెప్టెంబరు 1 నుంచి జూన్ 15 దాకా కనీసం ఇరవై డిగ్రీల వేడి ఉండాలి. కానీ ఇంటి యజమానితో వంటగదో స్నానాలగదో పంచుకుని ఉండేవాళ్ళకి అద్దెదారుల చట్టం వర్తించదు. రేపు వెళ్ళిపొమ్మంటే ఆ చట్టం కింద వెళ్ళి చెప్పుకోడానికి దారి లేదు. అంటే ఆ పిల్లాడికి మన మంచితనమే చట్టం. అలాంటప్పుడు మనం ఎంత జాగ్రత్తగా ఉండాలి!

"ఎదిగిన ఆడపిల్లలున్న ఇల్లు" అని కొందరంటారు. ఈ భయం నాకర్థమవుతుంది. అది అద్దెకిచ్చే ముందు ఆలోచించుకోవాల్సింది. అమ్మాయిలకే ఇచ్చుకోవచ్చు, ఎవరూ కాదనరు. డబ్బు దగ్గర రాని భయం అన్నం దగ్గరే వస్తే అది భయం కాదు.

ఇక అందరూ అనే మాట, "మేమూ పడ్డాం, వాళ్ళూ పడాలి." పడ్డాం, నిజమే. కానీ మనల్ని విమానాశ్రయం నుంచి తీసుకొచ్చిందెవరు? మొదటి చలికాలం పాత జాకెట్ ఇచ్చిందెవరు? ఎవరో ఒకరు ఉన్నారు, ప్రతి ఇంటి కథలోనూ. 1917 డిసెంబరు 6న హాలిఫాక్స్ రేవులో మందుగుండు ఓడ పేలి ఇంచుమించు రెండువేల మంది చనిపోయారు. మర్నాడు మంచు తుఫాను. ఆ పేలుడు జరిగిన రాత్రే బోస్టన్ నుంచి డాక్టర్లతో, నర్సులతో, సామాన్లతో రైలు బయల్దేరింది. ఆ సాయం గుర్తుపెట్టుకుని నోవా స్కోషియా వాళ్ళు 1971 నుంచి ఏటా బోస్టన్‌కి ఒక పెద్ద క్రిస్మస్ చెట్టు పంపుతున్నారు. వందేళ్ళు దాటినా మర్చిపోలేదు. క్రిస్మస్ చెట్టుకి ఈ దేశంలో అలాంటి అర్థం కూడా ఉంది. మనం పదేళ్ళకే మర్చిపోయి, పైగా పడ్డ కష్టాన్ని వెనకవాళ్ళకి అప్పగించాల్సిన ఆస్తిలా దాచుకుంటున్నాం.

ఇదంతా పరాయి పండగ నుంచి నేర్చుకోవాల్సిన ఖర్మ కూడా మనకి లేదు. మన తాతల కాలంలో చదువుకోడానికి పట్నం వచ్చిన పేద పిల్లలు వారాలు చేసుకునేవాళ్ళు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో భోజనం. అలా చదివి పెద్ద ఉద్యోగాలు చేసినవాళ్ళు మన కుటుంబాల్లోనే ఉంటారు. ఆ ఇళ్ళలో అన్నం పెట్టినవాళ్ళేం ధనవంతులు కాదు. అందులోనూ లోపాలు లేకపోలేదు. కులం చూసేవాళ్ళు, వసారాలో వేరే కూర్చోబెట్టేవాళ్ళు, ఆ పిల్లలు అవమానాలూ పడేవాళ్ళు. ఆ చెడ్డ భాగాన్ని మాత్రం సముద్రాలు దాటించి తెచ్చుకుని, అన్నం పెట్టే భాగాన్ని అక్కడే వదిలేశామా?

ఆడవాళ్ళతో ప్రత్యేకంగా ఒక మాట. ఇల్లు ఎంతకి కొనాలో, అద్దె ఎంతకివ్వాలో మనల్ని అడిగినా అడక్కపోయినా, పొయ్యి ఎప్పుడు వెలగాలో ఎప్పుడు ఆరాలో చెప్పేది మనమే. ఆ కాగితం మీద చేతిరాత చాలా ఇళ్ళలో మనదే. మన పిల్లలు ఆ కాగితం చదువుతారు. సత్రంలో చోటు లేదన్న కథ ఎక్కడో ఒకచోట వాళ్ళూ వింటారు. రెండూ కలిపి చూసుకునే వయసు వాళ్ళకి వచ్చే రోజు ఎంతో దూరంలో లేదు. మనం కొనిచ్చిన బొమ్మలేవీ అప్పటికి గుర్తుండవు, కాగితం గుర్తుంటుంది.

ఏం చెయ్యాలంటారా? పెద్దగా ఏమీ లేదు. ఆ కాగితం తీసేయండి. షిఫ్టు దిగి వచ్చినవాడు గుడ్డు వేయించుకునేంత సేపు స్టవ్ వాడుకోనివ్వండి. పోపు వాసన మీకంత ఇబ్బందైతే పైన ఫ్యాను వేసుకోమనండి. హీటర్ ఇరవై ఒకటి దగ్గర పెట్టండి. డిసెంబరు 25న ఇక్కడ పెద్ద షాపులన్నీ మూసేస్తారు, బస్సులు తక్కువ, కాలేజీ ఉండదు, నాలుగున్నర దాటితే చీకటి. ఆ రోజు ఒక గ్లాసు బియ్యం ఎక్కువ పొయ్యండి. కిందకి ప్లేటు పంపడం కాదు, పైకి పిలిచి అందరితోపాటు బల్ల దగ్గర కూర్చోబెట్టండి. జనవరిలో షిఫ్టులు తగ్గినప్పుడు, "ఏమైనా తిన్నావా నాయనా" అని ఒకసారి అడగండి. 2024 డిసెంబరు 14 నుంచి రెండు నెలలు ప్రభుత్వం చెట్ల మీదా బొమ్మల మీదా బయటి తిండి మీదా పన్ను తీసేసింది. మన ఒంటారియోలో అది పదమూడు శాతం. చెట్టు మీద అప్పుడు మిగిలిన ఆ నాలుగు డాలర్లతో ఒక పూట పప్పూ కూరా అయ్యేవి.

వాళ్ళు అలవాటైపోతారని భయపడకండి. చదువు అయిపోగానే వెళ్ళిపోతారు, రెండేళ్ళు, మహా అయితే మూడు. అలవాటు కావాల్సింది మనకి.

ఫొటో మాత్రం తియ్యకండి.